సూంటో జూప్ డైవ్ కంప్యూటర్ బ్యాటరీ మార్చాలి: బెజవాడలో ఎవరికైనా ఇవ్వాలా, ఇంట్లోనే మార్చుకోవచ్చా?

బ్రాడీపేట_బడ్డీ

అందరికీ నమస్కారం. నా దగ్గరున్నది పాత సూంటో జూప్ (డైవింగ్‌లో లోతు, సమయం లెక్కగట్టే చేతి కంప్యూటర్), జూప్ నోవో రాకముందు మోడల్. ఆన్ చేయగానే బ్యాటరీ గుర్తు పడుతోంది, అంకెలు కూడా వెలవెలబోతున్నాయి. వచ్చే నెల డైవింగ్‌కి అండమాన్‌లోని హావ్‌లాక్ వెళ్లాలి. గుంటూరులో గానీ విజయవాడలో గానీ డైవింగ్ సామాను సర్వీసు చేసేవాళ్లు నాకు దొరకలేదు. బయటూరికి కొరియర్ చేస్తే సమయానికి తిరిగొస్తుందన్న నమ్మకం లేదు. బీసెంట్ రోడ్డులో ఒక వాచీల షాపులో చూపిస్తే "సెల్లే కదండీ, పది నిమిషాల్లో వేసిస్తా" అన్నారు. ఆ ధీమా చూసి వెనక్కి తెచ్చేసుకున్నా.

సెల్ ఏది కొనాలి, లోకల్‌గా దొరికేది పనికొస్తుందా? ఓ-రింగ్ (మూత సందులో నీళ్లు దిగకుండా ఆపే రబ్బరు రింగు) పాతదే మళ్లీ వేయొచ్చా? గ్రీజు బదులు వాజిలీన్ రాస్తే నష్టమేంటి? మూత వేశాక నీళ్లు దిగవని ఇక్కడే, సముద్రం దాకా వెళ్లకుండా, ఎలా తేల్చుకోవాలి? సెల్ తీస్తే లోపలి డేటా ఏమవుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గేజ్_గన్నవరం

బడ్డీ గారూ, సూంటో వాళ్ల జూప్, గెక్కో, వైపర్ మూడింటికీ బ్యాటరీ మార్చే పద్ధతి ఇంచుమించు ఒక్కటే. వాడేవాళ్లే మార్చుకునే విధానం కంపెనీ మాన్యువల్‌లోనే ఉంది కాబట్టి ఇంట్లో చేసుకోవడానికి అడ్డేమీ లేదు. సెల్ సీఆర్2450, 3 వోల్టుల లిథియం. కంపెనీ కిట్టు కొంటే అందులో వచ్చేవి రెండే: ఒక సెల్, గ్రీజు పట్టించిన ఒక ఓ-రింగ్. కిట్టు దొరికితే అదే తెప్పించుకోండి, రింగు కొలతల గొడవ ఉండదు.

ముందు రబ్బరు బూటు, పట్టీ తీసేసి కంప్యూటర్ని గోరువెచ్చని మంచినీళ్లలో ఒక అరగంట నానబెట్టండి. చాలామంది ఇది వదిలేసి నేరుగా తెరవబోతారు. బ్యాటరీ మూతని పట్టి ఉంచే లాకింగ్ రింగు సందులో ఉప్పు గట్టిపడి ఉంటే రింగు తిరగదు, బలం పెడితే దాని పళ్లు విరుగుతాయి. నానిన తర్వాత తుడిచి, ఫ్యాను కింద ఒక రాత్రి వదిలేయండి. తొందరపడి ఎయిర్ కంప్రెసర్ గాలి కొట్టకండి, ప్రెషర్ సెన్సార్ దెబ్బతింటుంది. హెయిర్ డ్రయ్యరూ వద్దు.

తెరిచేటప్పుడు అందరూ బోల్తా పడేది తిప్పే దిక్కు దగ్గరే. రింగుని కిందికి నొక్కి పట్టి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే తెరుచుకుంటుంది. మామూలు మూతల అలవాటుతో ఎదురువైపు తిప్పారంటే, అది బిగించే వైపు. రింగు మీద చిన్న చిల్లులుంటాయి, సన్నమూతి ప్లయర్ కొనలు వాటిలో పెట్టి తిప్పొచ్చు. లేదంటే చిన్న స్క్రూడ్రైవర్ని కుడివైపు పన్నుకి ఆనించి నెట్టొచ్చు. ఏదైనా సరే జారితే గీతపడేది మూత మీదో సీలు కూర్చునే చోటో కాబట్టి, మొదట వేళ్లతోనే ప్రయత్నించండి.

రింగు వచ్చాక మూత, దాంతోపాటు ఓ-రింగ్, సెల్‌ని పట్టి ఉంచే రిటైనర్ ముక్క కలిసే బయటికొస్తాయి. అవి ఏ వరసలో, ఏ వైపు కూర్చున్నాయో కదిలించకముందే ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. రిటైనర్ వంకరగా పెడితే మూత పూర్తిగా దిగదు, దిగినట్టు కనిపిస్తుంది అంతే. సెల్ని చెక్క టూత్‌పిక్‌తో లేపండి. ఉక్కు ట్వీజర్‌తో సెల్ పై ముఖాన్నీ అంచునీ ఒకేసారి పట్టుకుంటే ఏమీ కాదు, రెండూ ప్లస్సే. అడుగున మైనస్‌కి కొన తగిలితే మాత్రం షార్టే.

ఓ-రింగ్ తీయడానికి సేఫ్టీపిన్ను వాడొద్దు. గాడిలో గోటితో కూడా తెలియనంత సన్న గీత పడినా, అదే రేపు నీళ్లకి దారి. పాత ఏటీఎం కార్డు మూల చాలు. సీలు కూర్చునే రెండు ముఖాలూ కళ్లద్దాలు తుడిచే బట్టతో తుడవండి. దూది, ఇయర్‌బడ్ అక్కడ వాడితే పోగులు వదులుతాయి. ఒక వెంట్రుక, ఒక నూలుపోగు అడ్డం పడితే చాలు, నీళ్లు దిగుతాయి. టార్చి పక్క నుంచి వేసి భూతద్దంతో ఒక చుట్టు చూడండి. పై నుంచి వెలుతురు పడితే కనపడని పోగు పక్క వెలుతురులో మెరుస్తుంది. పెట్రోలు, థిన్నర్, నెయిల్ పాలిష్ తీసే ద్రవం ఆ ప్లాస్టిక్ దరిదాపులకు రానివ్వకండి. వెంటనే ఏమీ కనపడదు, తర్వాత సన్న పగుళ్లు వస్తాయి.

కొత్త సెల్ మైనస్ కిందికి, ప్లస్ పైకి. వేళ్లతో ముఖాలు తాకకండి, అంచులే పట్టుకోండి. రిటైనర్ యథాస్థానంలో పెట్టి, ఓ-రింగ్‌ని మూతకి తొడిగి, మెలి తిరగలేదని చుట్టూ చూసుకుని, మూతని బొటనవేలితో నిలువుగా నొక్కండి. ఓ-రింగ్ ఎక్కడా అంచు దాటి బయటికి ఉబ్బకూడదు. ఇప్పుడు రెండో చేతి బొటనవేలిని లాకింగ్ రింగులోంచి దూర్చి, దాంతో మూతని నొక్కిపట్టి, మొదటి వేలు వదిలేయండి. మిగతా వేళ్లతో లాకింగ్ రింగుని ముల్లుకి ఎదురుదిక్కుగా, టక్కుమని కూర్చునే దాకా తిప్పండి. ఈ వేళ్ల మార్పిడి సెల్ లేకుండా రెండు మూడు సార్లు సాధన చేయండి. మూత సగం లేచి ఉండగా రింగు తిప్పితే ఓ-రింగ్ నలిగి కోసుకుపోతుంది.

తర్వాత తెర మీద అంకెల గీతలన్నీ వెలుగుతున్నాయా, బ్యాటరీ గుర్తు పోయిందా, బీప్ వస్తోందా చూసుకుని టైము, తేదీ పెట్టుకోండి. వైపర్ ఉన్నవాళ్లకి ఒక మాట: బ్యాటరీ గుర్తు ఉన్నంతసేపూ దాని లైటు వెలగదు. అది లైటు పాడవడం కాదు, కావాలని అలా పెట్టారు.

ఆటోనగర్_సీల్స్

ఓ-రింగ్ సంగతి నేను చెప్తా. పాతది మళ్లీ వేయమాకండి. తీసిన రింగుని అద్దం మీద పెట్టి పక్కనుంచి చూడండి. కొత్తగా ఉన్నప్పుడు దాని కోత గుండ్రంగా ఉంటది, ఏడాదీ రెండేళ్లూ నలిగింది పైనా కిందా చదునుగా అయిపోద్ది. చదును పడిందంటే అది తిరిగి ఉబ్బదు. నీళ్లని ఆపేది గ్రీజు కాదు, రింగు నలిగి రెండు ముఖాల మీదా ఒత్తిపట్టడమే. ఆ ఒత్తిడే లేకపోతే డబ్బా గ్రీజు రాసినా కారుద్ది.

కిట్టు దొరక్కపోతే ఆటోనగర్‌లో హైడ్రాలిక్ సీల్స్ అమ్మే షాపులు చాలా ఉన్నాయి. కానీ "ఇలాంటిది ఇవ్వండి" అని పాత రింగు చూపించి తెచ్చుకోవడం కాదు. వెర్నియర్‌తో రెండు కొలతలు తీయండి, మందం ఒకటి, లోపలి వ్యాసం ఒకటి. పాత రింగు నలిగింది కాబట్టి దాని మందం పైనుంచి కిందికే కాకుండా అడ్డంగా కూడా కొలిచి, దాంతోపాటు గాడి లోతు, వెడల్పు కూడా చూసుకోవాలి. షాపు డబ్బాల్లో మెట్రిక్ రింగులూ అంగుళాల రింగులూ కలిసిపోయి ఉంటాయి. 2 మిల్లీమీటర్లు అడిగితే 1.78 చేతిలో పెడతారు, చూపుకి తేడా తెలీదు. లెక్క చూడండి: 2 మిల్లీమీటర్ల రింగు 1.6 సందులో కూర్చుంటే 20 శాతం నలుగుద్ది. అదే సందులో 1.78 వేస్తే 10 శాతమే నలుగుద్ది. బల్ల మీద బాగానే బిగుసుకున్నట్టు ఉంటది, నీళ్లలోకి దిగాక తెలుస్తది. అలాగని లావుది వేస్తే మూత దిగదు, బలవంతంగా దించితే లాకింగ్ రింగు పళ్లు పోతాయి.

అడగాల్సింది నైట్రైల్ రబ్బరు, 70 షోర్ గట్టిదనం, నల్లది. కొన్న రింగుని వేళ్ల మధ్య తిప్పుతూ అచ్చు అతుకు గీత చూడండి. చవక రింగుల్లో ఆ గీత గోటికి తగిలేంత లేచి ఉంటది, అలాంటిది పక్కన పడేయండి. ఒకటి కాదు, నాలుగు కొనండి. దాని ధరకి ఆలోచించే పని లేదు. సాగదీసి వేసే చిన్న సైజు కూడా వద్దు, 5 శాతం మించి సాగితే మందం తగ్గిపోద్ది.

వాజిలీన్ విషయం. నైట్రైల్ రింగుని అది వెంటనే పాడుచేయదు, నిజమే. కానీ మన ఎండలకి కరిగి కారుద్ది, పోయి కాంటాక్టు మీదో మూత మీదో పడుద్ది. పైగా డైవింగ్ సామానులో కొన్ని రింగులు ఈపీడీఎం అనే వేరే రకం రబ్బరువి ఉంటాయి, వాటికి పెట్రోలియం జిడ్డు తగిలితే ఉబ్బిపోతాయి. ఒకే డబ్బా అన్నిటికీ వాడే అలవాటు మనకి ఉంది కదా, అందుకే సిలికాన్ గ్రీజు ఒక్కటే పెట్టుకోండి. సిలికాన్ రబ్బరుతో చేసిన రింగుకి మాత్రం సిలికాన్ గ్రీజు రాయకూడదు, అదీ ఉబ్బుద్ది. రాసేది ఆవగింజంత. రింగు నల్లగా నిగనిగలాడితే చాలు, తెల్లగా గ్రీజు కనబడిందంటే ఎక్కువైనట్టే. ఎక్కువైన గ్రీజు దుమ్మునీ ఇసకనీ పట్టుకుంటది. స్ప్రే సిలికాన్ కొనమాకండి, అందులో కలిపే ద్రావకం ప్లాస్టిక్‌కి మంచిది కాదు.

వాచీ_బల్ల

వాచీ షాపులని మరీ తీసిపారేయకండి సార్. వాచీకి సరిపోయే అలవాట్లే దీనికి చేటు, అంతే. బ్లోయర్ కొడతారు, ఉన్న రింగుకే కాస్త గ్రీజు తగిలించి మళ్లీ వేస్తారు, డ్రాయరులో విడిగా పడున్న సెల్ తీసి పెడతారు. ఈ మూడూ వద్దని చెప్పి, మీ సెల్, మీ రింగు ఇచ్చి, ఎదురుగా కూర్చుంటే పని బాగానే చేస్తారు.

సెల్ కొనేటప్పుడు అట్టకి సీలు వేసి ఉన్నదే తీసుకోండి, దాని మీద గడువు సంవత్సరం చూడండి. లిథియం కాయిన్ సెల్ నిలవలో ఏడాదికి సుమారు 1 శాతమే తగ్గుతుంది కాబట్టి రెండేళ్ల పాతదైనా ఫరవాలేదు. విడిగా పడున్న సెల్స్ మాత్రం ఒకదానికొకటి తగిలి షార్టయి సగం చచ్చి ఉంటాయి. గవర్నర్‌పేటలో అడగండి, లేకపోతే కార్ల రిమోట్ తాళాలు చేసేవాళ్లని అడగండి. కొన్ని ఖరీదైన కార్ల రిమోట్లలో ఇదే సెల్ వాడతారు.

పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆగండి. సీఆర్2450 అంటే 24.5 మిల్లీమీటర్ల వ్యాసం, 5 మిల్లీమీటర్ల మందం. సీఆర్2430 వ్యాసం అదే, మందం 3. అది గదిలో వదులుగా పడి కాంటాక్టు తగలదు. కొందరు కింద అల్యూమినియం ఫాయిలు మడిచి పెడతారు, ఆ ఫాయిలు అంచుకి తగిలితే సెల్ షార్టే. ఎల్‌ఐఆర్2450 రీఛార్జ్ చేసే రకం, నిండా ఎక్కితే 4.2 వోల్టులు ఉంటుంది. 3 వోల్టుల కోసం కట్టిన పరికరంలో పెట్టకూడదు. బీఆర్2450 కూడా 3 వోల్టులే గానీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు, బీప్ మోగినప్పుడు వోల్టేజి కుంగిపోవచ్చు. పిల్లలు మింగకుండా కొన్ని కంపెనీలు సెల్ మీద చేదు పూత వేస్తున్నాయి. ఆ పూత కాంటాక్టు దగ్గర అడ్డుపడి కొన్ని పరికరాలు ఆన్ కావు. అలాంటిదే దొరికితే మైనస్ ముఖం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెట్టండి.

బ్రాడీపేట_బడ్డీ

గేజ్ గారూ, సీల్స్ అన్నా, బల్ల గారూ, ధన్యవాదాలు. తెరిచాను, ముల్లు వైపు తిప్పితే తేలిగ్గానే వచ్చింది. రెండు అనుమానాలు. తీసిన సెల్ మల్టీమీటర్‌లో 2.91 వోల్టులు చూపిస్తోంది, మరి బ్యాటరీ గుర్తు ఎందుకు పడినట్టు? రెండోది, మూత అంచు మీద ఓ-రింగ్‌కి బయటి వైపు తెల్లటి పొడి ఉంది. లోపల స్ప్రింగు కాంటాక్టు మొదట్లో గుండుసూది తలంత ఆకుపచ్చ చుక్క కనిపిస్తోంది. వెనిగర్‌తో తుడవమని ఒక మిత్రుడు అంటున్నాడు.

వాచీ_బల్ల

మల్టీమీటర్ సెల్ నుంచి దాదాపు ఏమీ లాగదు కాబట్టి మీరు చూసింది ఖాళీగా కూర్చున్న వోల్టేజి. లిథియం కాయిన్ సెల్ కొత్తగా ఉన్నప్పుడు 3.2 దాటి ఉంటుంది, తర్వాత చాలాకాలం 3 దగ్గరే నిలబడి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అందుకని 2.91 అంటే బాగున్నట్టు కాదు, చివరికొచ్చినట్టు. 1 కిలో ఓం రెసిస్టర్‌ని మీటర్ కాళ్లకి సమాంతరంగా పెట్టి 5 సెకన్లు చూడండి, సుమారు 3 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. కొత్త సెల్ పెద్దగా కదలదు. ఇది 2.7 కిందికి జారుతూ పోతుంటే సందేహించే పనే లేదు. కొనుక్కున్న కొత్త సెల్‌ని కూడా పెట్టే ముందు ఇలాగే ఒకసారి చూడండి.

వెనిగర్ వద్దు. అది ఆల్కలైన్ పెన్సిల్ సెల్ కారినప్పుడు వచ్చే తెల్ల పొడికి పనికొచ్చే చిట్కా, క్షారానికి ఆమ్లం విరుగుడు కాబట్టి. కాయిన్ సెల్‌లో ఆ రసాయనం లేదు.

గేజ్_గన్నవరం

తెల్ల పొడి ఓ-రింగ్‌కి బయట ఉంటే అది సముద్రపు ఉప్పు. అక్కడ ఉండటం సహజం, కంగారు లేదు. ఆకుపచ్చ చుక్క వేరు. రాగి కలిసిన లోహానికి తడి, ఉప్పు తగిలితేనే ఆ రంగు. అది ఓ-రింగ్‌కి లోపల ఉంది అంటే ఎప్పుడో ఒకసారి తేమ లోపలికి వెళ్లింది.

ఎటునుంచి వెళ్లిందో వెతకండి. పాత రింగు మీదా, అది కూర్చున్న ముఖం మీదా ఒక చుట్టు భూతద్దంతో చూస్తే, లీకు ఉన్నచోట ఉప్పు గీత బయటినుంచి లోపలికి అడ్డంగా దాటి ఉంటుంది. ఆ చోట పాత రింగులో కోతో, ఇసక రేణువు గుచ్చుకున్న గుర్తో ఉంటే కారణం రింగే. రింగు నున్నగా ఉండి, ప్లాస్టిక్ ముఖం మీద గీత కనపడితే కొత్త రింగు వేసినా నమ్మలేం. ఏ గీతా లేకపోతే పోయినసారి సెల్ మార్చినప్పుడు లోపల చెమట చేయి తగిలి ఉండొచ్చు.

చుక్కని ఐసోప్రొపైల్‌లో ముంచి పిండిన ఇయర్‌బడ్‌తో సున్నితంగా రుద్దండి. ఇది కాంటాక్టు లోహానికే, సీలు ముఖాలకి కాదు. తర్వాత భూతద్దంతో పోగులు ఏరేయండి. స్ప్రింగుని వంచకండి, గీకకండి. దాని పైపూత లేచిపోతే మళ్లీ ఆకుపచ్చ త్వరగా వస్తుంది. మచ్చ పోయి కింద మెరుపు కనపడితే వాడుకోవచ్చు. లోహం గుంటపడినా, స్ప్రింగు మొదట్లో తడి ఆనవాళ్లు లోపలికి పాకినా సర్వీసుకే పంపాలి. గదిలో తేమ గుర్తులుంటే డీలర్‌కి చూపించమని మాన్యువల్ కూడా చెప్తుంది. నా సలహా: ఈ ట్రిప్‌కి అద్దె కంప్యూటర్ని ప్రధానంగా పెట్టుకుని దీన్ని రెండోదిగా కట్టుకోండి. చుక్క చిన్నదే, నిజమే, కానీ అక్కడ మీ డీకంప్రెషన్ లెక్క (ఒంట్లో చేరిన నైట్రోజన్ వల్ల ప్రమాదం లేకుండా పైకి రావడానికి చూసుకునేది) ఒక్క దీని మీదే ఆధారపడే అవసరం లేదు.

కొండపల్లి_ఫిన్స్

డేటా గురించి ఎవరూ చెప్పలేదు, ముఖ్యమైనది అదే. సెల్ తీయగానే ఒంట్లో చేరిన నైట్రోజన్, ఆక్సిజన్ లెక్కలు తుడిచిపెట్టుకుపోతాయి. నిన్న మూడు డైవ్‌లు చేసిన మనిషిని కంప్యూటర్ అసలు నీళ్లే ముట్టనివాడిగా చూస్తుంది. అందుకే నో-ఫ్లై టైము (డైవ్ తర్వాత విమానం ఎక్కకూడని సమయం) సున్నాకి వచ్చాక మార్చాలి, లేదా మార్చాక 48 గంటలు, వీలైతే 100 గంటల దాకా డైవ్ చేయకూడదు. "గబగబా మార్చేస్తే మెమరీ నిలుస్తుంది" అనే మాట నమ్మకండి. డైవ్‌ల చరిత్ర, ప్రొఫైళ్లు, ఆల్టిట్యూడ్, పర్సనల్, అలారం సెట్టింగులు ఉంటాయి. గడియారం, టైము అలారం పోతాయి. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) వాడేవాళ్లు మరీ జాగ్రత్త: ఆక్సిజన్ సెట్టింగు 21 శాతానికి, పీఓ2 (ఆక్సిజన్ ఒత్తిడి) పరిమితి 1.4 బార్‌కి వెళ్లిపోతుంది. గుంటూరులో కూర్చుని ఇప్పుడు మారిస్తే బడ్డీకి ఏ ఇబ్బందీ లేదు. ట్రిప్ మధ్యలో హోటల్ గదిలో మార్చాల్సి వస్తేనే చిక్కు.

ఎక్కడ కూర్చుని మూత వేస్తున్నారన్నది కూడా చూడండి. మన దగ్గర 35 డిగ్రీల వేడిలో, 70 శాతం తేమలో మూత వేస్తే లోపల బందీ అయిన గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత 29 డిగ్రీల దగ్గర ఉంటుంది. అండమాన్ నీళ్లు 28 అనుకోండి, దిగగానే మూత లోపల ఆవిరి పడుతుంది. లీకు అనుకుని డైవ్ ఆపేస్తారు, అసలు లీకే లేదు. 24 డిగ్రీల ఏసీ గదిలో, 50 శాతం తేమలో మూస్తే ఆ ఉష్ణోగ్రత 13 దగ్గరికి పడిపోతుంది, ఇక ఆవిరి ప్రశ్నే రాదు. ఏసీ గదిలోకి తెచ్చి ఒక గంట ఉంచి, అప్పుడు తెరిచి అక్కడే మూయండి. ఫ్యాను ఆపండి, దుమ్ము రేగుతుంది.

పరీక్ష. బకెట్లో 38 డిగ్రీలకు మించని గోరువెచ్చని నీళ్లు పోసి, ఏసీ గదిలోంచి తెచ్చిన కంప్యూటర్ని మూత పైకి కనపడేలా ముంచండి. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, లీకు ఉంటే అదేచోటు నుంచి ఒకటి వెనుక ఒకటి బుడగలు వస్తాయి. మొదట్లో పైపైన అంటుకున్న బుడగలు వేలితో తుడిచేసి, తర్వాత వచ్చేవి చూడండి. ఇది వాడేందుకు కంపెనీ చెప్పిన గరిష్ఠం 40 డిగ్రీలే, మరుగు నీళ్లు పోయకండి. తర్వాత ఈతకొలనులో లోతు వైపు ఒక అరగంట. అక్కడ ఒత్తిడి 0.2, 0.3 బార్ మించదు, 30 మీటర్ల దగ్గర నీటి ఒత్తిడి 3 బార్. అయినా ఆ పరీక్షకి విలువ ఉంది, ఎందుకంటే సరిగ్గా కూర్చోని మూత తరచుగా తక్కువ లోతులోనే కారుతుంది. లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లే మూతని ఇంకా గట్టిగా నొక్కుతాయి. కృష్ణలోనో బందరు కాలువలోనో మాత్రం పరీక్షించకండి, ఒండ్రు పోయి వాటర్ కాంటాక్టుల్లో (నీళ్లు తగిలాయని పసిగట్టే లోహపు బొట్లు) కూర్చుంటుంది.

వాచీ_బల్ల

ప్రెషర్ టెస్టర్ ఉన్న వాచీ షాపు దొరికితే దానికీ పెట్టొచ్చు, కానీ నీళ్ల టెస్టరే. గాలి టెస్టర్ వాచీ కేసు ఎంత వంగిందో చూసి లెక్క చెప్తుంది, మందమైన ప్లాస్టిక్ మీద దాని జవాబు నమ్మలేం. నీళ్లదాంట్లో వస్తువుని నీటికి పైన వేలాడదీసి 3 బార్ గాలి ఎక్కిస్తారు, కొన్ని నిమిషాలాగి నీళ్లలోకి దించి ఒత్తిడి మెల్లగా వదులుతారు. లోపలికి గాలి దూరి ఉంటే బుడగలై బయటికొస్తుంది. బుడగ కనపడగానే ఒత్తిడి పూర్తిగా దిగకముందే పైకి లాగేయాలి, లేకపోతే అదే చిల్లులోంచి నీళ్లు లోపలికి పోతాయి. ఒత్తిడి ఒక్కసారిగా వదలొద్దని ముందే చెప్పండి.

కొండపల్లి_ఫిన్స్

ఒప్పుకుంటా, కానీ కంప్యూటర్‌కి అది టెస్టర్ అని తెలియదు. సెన్సార్‌కి 3 బార్ అంటే 30 మీటర్లే, తడి తగిలిందంటే డైవ్ మొదలైందనుకుంటుంది. నిమిషంలో 30 మీటర్ల నుంచి పైకి లాగితే అసెంట్ రేటు (పైకి లేచే వేగం) అలారం మోగుతుంది, లాగ్‌బుక్‌లో దొంగ డైవ్ ఒకటి పడుతుంది, నైట్రోజన్ లెక్క మొదలవుతుంది. ట్రిప్‌కి వారం ముందు చేసుకుంటే ఇబ్బంది లేదు. ముందురోజు చేయకండి.

ఇంకోటి, ఈసారి బ్యాటరీ త్వరగా అయిపోయిందనిపిస్తే సెల్‌ని తిట్టకముందు వాటర్ కాంటాక్టులు చూడండి. వాటి మీద ఉప్పు తేమ ఉండిపోతే కంప్యూటర్ నీళ్లలో ఉన్నాననుకుని తెర మీద AC అనే అక్షరాలు చూపిస్తూ మేలుకునే ఉంటుంది. తడి సంచిలో మెష్ బ్యాగు కింద పెట్టి ఊరొచ్చేదాకా వదిలేసేవాళ్లకి ఇది మామూలే. ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్లలో కడిగి, ఆ లోహపు బొట్లని మెత్తటి నైలాన్ బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆ AC గుర్తు పోయిందని చూసి లోపల పెట్టాలి. వేసవిలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి, నిలవకి గరిష్ఠం 50 డిగ్రీలు. మన మే నెలలో అద్దాలు మూసిన కారు ఆ గీత సులువుగా దాటుతుంది.

లాగ్‌బుక్_తెనాలి

వేరే మోడళ్ల వాళ్లు ఈ చర్చ చదివి అదే సెల్ కొనేయకండి. క్రెస్సీ లియోనార్డోకి సీఆర్2430, మారెస్ పక్ ప్రోకి సీఆర్2450. జూప్‌లా నొక్కి తిప్పే రింగు కాదు వాటిది. నాణెం పెట్టి తిప్పే మూతకి 10 రూపాయల బిళ్ల లాంటి మందమైనది గాడిలో సరిగా పట్టదు, జారి గాడిని తినేస్తుంది, పల్చటిది వెతుక్కోండి. షియర్‌వాటర్ పెర్డిక్స్ మామూలు పెన్సిల్ సెల్ ఏఏతో నడుస్తుంది, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. అందులో ఆల్కలైన్ వేసి నెలల తరబడి వదిలేస్తే కారుతుంది, పైన చెప్పిన వెనిగర్ అక్కడ పనికొస్తుంది. టెరిక్, సూంటో డీ5 లాంటివి ఛార్జింగ్ రకం, వాటి మూత మీరు తెరవకండి.

బ్రాడీపేట_బడ్డీ

పాత రింగు భూతద్దంలో చూశా. ఆకుపచ్చ చుక్కకి సరిగ్గా ఎదురుగా రింగు మీద చిన్న నొక్కు ఉంది, ప్లాస్టిక్ ముఖం నున్నగానే ఉంది. కిట్టు ఆర్డర్ పెట్టా, అద్దె కంప్యూటర్ కూడా అడుగుతా. చివరిగా, ఒక సెల్ స్పేర్‌గా పట్టుకెళ్దామని. గన్నవరం ఎయిర్‌పోర్టులో ఏమైనా అంటారా?

కొండపల్లి_ఫిన్స్

చేతి సంచిలో పెట్టుకోండి, చెకిన్ లగేజీలో స్పేర్ లిథియం పెట్టనివ్వరు. లిథియం పరిమితి సెల్‌కి 2 గ్రాములు, కాయిన్ సెల్ దానికి చాలా లోపలే ఉంటుంది. అట్ట చింపకుండా అలాగే తీసుకెళ్లండి, విడిదైతే రెండు ముఖాలకీ టేపు వేయండి. పాత సెల్‌కీ టేపు వేసి ఈ-వేస్ట్‌లో ఇచ్చేయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే అది ఒక్క నిమిషం కూడా బల్ల మీద ఉండకూడదు. ఈ సైజు సెల్ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది, మీటర్‌లో చచ్చినట్టు చూపించే సెల్ కూడా అంతే.